మంచం పక్క బేబీ క్రిబ్: తరచుగా అడిగే ప్రశ్నలు

బెడ్‌సైడ్ క్రిబ్ అంటే ఏమిటి? ఉయ్యాలకూ దీనికీ తేడా ఏమిటి?

తల్లి పడుకునే మంచానికి ఆనించి, బెల్టులతో బిగించే చిన్న తొట్టి ఇది. మూడు వైపులా గోడలు ఎత్తుగా ఉంటాయి. తల్లి వైపు గోడ పొట్టిగా ఉంటుంది, లేదా జిప్ తీసి కిందికి దించుకునేలా ఉంటుంది. ఇది ఊగదు, బిడ్డ పడుకునే చోటు బల్లపరుపుగా ఉంటుంది. రాత్రి పాలకు తల్లి మంచం దిగనక్కర్లేదు. చెయ్యి చాపితే బిడ్డ అందుతుంది, పాలు తాగాక మళ్లీ తన చోటే పడుకోబెట్టొచ్చు. సిజేరియన్ అయిన బాలింతలకు ఇది పెద్ద ఊరట. పొట్ట మీద కుట్లతో లేచి, వంగి, లోతైన తొట్టిలోంచి బిడ్డను ఎత్తుకోవడం మొదటి వారాల్లో నరకమే.

మా ఇళ్లలో బిడ్డ తల్లి పక్కలోనే పడుకుంటుంది. వేరే తొట్టి ఎందుకు?

తల్లి దగ్గర ఉండటం మంచిదే, అందులో సందేహం లేదు. అమెరికాలోని పిల్లల డాక్టర్ల సంఘం అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2022 సూచనలు కూడా కనీసం మొదటి 6 నెలలు బిడ్డను తల్లిదండ్రుల గదిలోనే, వాళ్ల మంచానికి దగ్గరగా పడుకోబెట్టమంటాయి. కానీ పక్క మాత్రం వేరుగా ఉండాలంటాయి. పెద్దవాళ్ల పరుపు మెత్తన, మీద దిండ్లు, దుప్పట్లు ఉంటాయి, మంచానికీ గోడకూ మధ్య సందు ఉంటుంది. నెల బిడ్డ ముఖం వీటిలో దేనికి ఆనుకున్నా తల పక్కకు తిప్పుకోలేదు, గట్టిగా ఏడవనూ లేదు. ఏ కారణమూ కనబడకుండా శిశువు నిద్రలోనే చనిపోయే ఘటనలు ఎక్కువగా మొదటి 6 నెలల్లో, అందులోనూ 2 నుంచి 4 నెలల మధ్య జరుగుతాయి.

37 వారాలు నిండకుండా పుట్టినా, పుట్టినప్పుడు 2.5 కిలోల కంటే తక్కువ బరువున్నా, తల్లిదండ్రుల్లో ఎవరైనా సిగరెట్ తాగేవాళ్లయినా, మద్యం లేదా మత్తు కలిగించే మందు వేసుకున్నా, ఆ బిడ్డను పెద్దవాళ్ల పక్కలో అసలు పడుకోబెట్టకూడదు. ఆపరేషన్ తర్వాత ఇచ్చే నొప్పి మాత్రల్లో కొన్ని మత్తుగా ఉంచుతాయి, ఆ సంగతి డాక్టరునే అడగండి. సోఫాలో బిడ్డను గుండెల మీద వేసుకుని నిద్రపోవడం మంచం కంటే చాలా ప్రమాదం. తాతయ్యలు, నాన్నలు టీవీ చూస్తూ ఈ పని తరచుగా చేస్తుంటారు.

కొనే ముందు ఏం చూసుకోవాలి?

ముందు మీ మంచాన్ని కొలవండి. చాలామంది క్రిబ్ రంగు, బొమ్మలు చూసి ఆర్డర్ చేసి, ఇంటికి వచ్చాక మంచానికి కుదరక, సందుల్లో దిండ్లు, చీరలు కుక్కి సర్దుతారు. అసలు ముప్పు అక్కడే మొదలవుతుంది. టేపు తీసుకుని ఈ కొలతలు రాసుకోండి.

1. నేల నుంచి పరుపు పైభాగం వరకు ఎత్తు. ఒకసారి ఖాళీగా ఉన్నప్పుడు, ఇంకోసారి తల్లి అంచున పడుకున్నప్పుడు. పాత దూది పరుపు, మెత్తటి ఫోమ్ బాగా కుంగుతాయి. రెండు అంకెలూ కావాలి.
2. మంచం కింద ఖాళీ. చాలా క్రిబ్‌ల కాళ్లు మంచం కిందికి జొరబడేలా ఉంటాయి. నేల నుంచి మంచం పట్టె వరకు ఎంత ఎత్తు ఉందో చూడండి.
3. పరుపు అంచుకూ మంచం చెక్క అంచుకూ మధ్య దూరం. మన దగ్గర చేయించిన మంచాల్లో పరుపు కంటే చెక్క బయటికి ఉండటం మామూలే. క్రిబ్ చెక్కకు ఆనుతుంది, పరుపుకు కాదు. ఆ మిగిలిన జాగాయే సందు అవుతుంది.
4. మంచానికీ గోడకూ, బీరువాకూ మధ్య జాగా. క్రిబ్ పెట్టాక తల్లి అటు వైపు దిగలేదు. ఇంకో వైపు నుంచి దిగే దారి ఉందా?

క్రిబ్ వివరాల్లో ఎత్తు ఎక్కడి నుంచి ఎక్కడికి మార్చుకోవచ్చో రాసి ఉంటుంది. మీ మొదటి కొలత ఆ హద్దుల్లో లేకపోతే ఎంత మంచి క్రిబ్ అయినా మీకు పనికిరాదు.

మాది బాక్స్ మంచం. కింద ఖాళీ లేదు. ఏం చేయాలి?

తెలుగు ఇళ్లలో ఈ ఇబ్బంది సర్వసాధారణం. సామాన్లు దాచుకునే బాక్స్ మంచాలు నేలకు ఆనుకుని ఉంటాయి కాబట్టి, కిందికి జొరబడే కాళ్లున్న క్రిబ్ మంచానికి జానెడు దూరంలోనే ఆగిపోతుంది. అలాంటి ఇళ్లకు కాళ్లు క్రిబ్ వెడల్పు లోపలే నిటారుగా ఉన్న రకం, లేదా ఒకవైపు కాళ్లు మడిచి పెట్టుకునే రకం చూడాలి. బెల్టు ఎక్కడ కట్టాలో కూడా ముందే ఆలోచించండి. హైడ్రాలిక్ మంచమైతే పరుపు కింది పలకను ఎత్తిన ప్రతిసారీ బెల్టు వదులవుతుంది.

ఏదీ కుదరకపోతే నాలుగు గోడలూ పైకి లేపి, క్రిబ్‌ను మంచానికి ఒక అడుగు దూరంగా విడిగా నిలబెట్టండి. లేచి ఎత్తుకోవాల్సి వస్తుంది, అంతే. సగం ఆనీ సగం ఆనకా ఉన్న క్రిబ్ కంటే అది ఎంతో నయం. ఒక గోడ దించి ఉండగా మాత్రం క్రిబ్‌ను మంచం నుంచి విడదీసి వాడకూడదు. అన్ని రకాలకూ ఇదే నియమం.

నవారు మంచానికి, మడత మంచానికి బెడ్‌సైడ్ క్రిబ్ కట్టొద్దు. మనిషి పడుకోగానే మధ్యలో కుంగి పట్టె వంగుతుంది, కట్టిన బెల్టు వదులైపోతుంది.

క్రిబ్ ఎత్తు మంచంతో ఎలా సరిపోవాలి?

దించిన గోడ పై అంచు, మీ పరుపు పైభాగం ఒకే మట్టంలో ఉండాలి. మీ పరుపే ఎత్తుగా ఉంటే దుప్పటి, దిండు, నిద్రలో జరిగిన చెయ్యి బిడ్డ మీద పడతాయి, కాస్త పెద్దయిన బిడ్డ మీ పక్క నుంచి జారి క్రిబ్‌లో పడొచ్చు. క్రిబ్ అంచే బాగా ఎత్తయితే బిడ్డను ఎత్తుకునేటప్పుడు అది చేతికి, ఆపరేషన్ కుట్లకు తగులుతుంది. బిడ్డ పడుకునే పరుపు ఆ అంచు కంటే కిందికి ఉండాలి. ఆ పొట్టి గోడే బిడ్డ దొర్లి మీ వైపు రాకుండా ఆపుతుంది. గోడే లేకుండా రెండు పరుపులు కలిసిపోయినట్టు కనిపించే నమూనాలు ఫోటోలో ముచ్చటగా ఉంటాయి కానీ, మేము వాటిని సూచించం.

సందు ఎంత వరకు ఫర్వాలేదు?

ఉండకూడదు. వేలు దూరినా బెల్టు మళ్లీ బిగించాల్సిందే. బిడ్డ శరీరం మొదట సందులోకి జారి, తల పైన ఇరుక్కుంటుంది. అందుకే చిన్న సందే ఎక్కువ ప్రమాదం.

పరీక్ష ఇలా చేయండి. బెల్టును మీ పరుపు కింది నుంచి అవతలి వైపు పట్టెకు తీసుకెళ్లి, కంపెనీ ఇచ్చిన కొక్కేనికి తగిలించి, క్రిబ్ మంచానికి గట్టిగా అదిమి ఉండేలా లాగండి. చక్రాలుంటే లాక్ చేయండి. చక్రాల లాక్ ఒక్కటే సరిపోదు, నున్నటి టైల్స్ మీద లాక్ చేసిన చక్రం కూడా జారుతుంది. ఇప్పుడు ఒకరు మంచం అంచున కూర్చుని లేవాలి, ఇంకొకరు క్రిబ్‌ను బయటికి లాగి చూడాలి. పరుపు కుంగినప్పుడు సందు తెరుచుకుంటే ఆ జత పనికిరాదు. ఈ పరీక్ష కొన్న రోజు ఒక్కసారి చేస్తే చాలదు. బెల్టులు వాడకంలో వదులవుతాయి, పక్క దులిపినప్పుడు జరుగుతాయి. పడుకోబోయే ముందు ఒకసారి చేత్తో లాగి చూడటం అలవాటు చేసుకోండి.

సందులో దిండు, చుట్టిన చీర, ఫోమ్ ముక్క పెట్టి పూడ్చొద్దు. అవి రాత్రికి రాత్రే కిందికి జారిపోతాయి, లేదంటే పైకొచ్చి బిడ్డ ముఖం దగ్గర చేరతాయి.

లేబుల్ మీద ఏ ప్రమాణం ఉండాలి?

యూరప్, బ్రిటన్ ప్రమాణం ఈఎన్ 1130. దాని 2019 రూపంలో మంచం పక్క క్రిబ్‌లు కూడా ఉన్నాయి. అమెరికా ప్రమాణంలో బెడ్‌సైడ్ స్లీపర్‌లకు, అంటే ఈ మంచం పక్క క్రిబ్‌లకు, ఏఎస్‌టీఎం ఎఫ్2906; విడిగా నిలబడే చిన్న తొట్టెలైన బేసినెట్‌లకు ఎఫ్2194. మన దగ్గర కొన్నా ఈ అంకెల్లో ఏదో ఒకటి మాన్యువల్‌లోనో, క్రిబ్ అడుగున అతికించిన కాగితం మీదో ఉందేమో చూడండి. వెబ్‌సైట్‌లో వట్టిగా ‘వంద శాతం సేఫ్’ అని ఉంటే అది ప్రమాణం కాదు. తయారీ తేదీ, మోడల్ నంబరు, గరిష్ఠ బరువు లేని క్రిబ్‌ను కొనకండి.

అమెరికాలోని బంధువులు వాడిన క్రిబ్ ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

ఏ సంవత్సరందో ముందు అడగండి. పక్క గోడ పైకీ కిందికీ జారే పెద్ద క్రిబ్‌ల అమ్మకాన్ని అమెరికాలో 2011 జూన్‌లో నిషేధించారు. ఆ గోడ ఒక మూల ఊడి, బిడ్డలు ఇరుక్కుని చనిపోవడమే కారణం. ఏటవాలు పక్కలూ అంతే. ఫిషర్ ప్రైస్ కంపెనీ రాక్ ఎన్ ప్లే అనే ఏటవాలు తొట్టిని 2019 ఏప్రిల్‌లో వెనక్కి తీసుకుంది, అవి సుమారు 47 లక్షలు. 2022లో అక్కడ చట్టం చేసి ఏటవాలు స్లీపర్‌లను, క్రిబ్ చుట్టూ కట్టే మెత్తటి బంపర్లను నిషేధించారు. ఇలాంటివి అటకల మీదుండి, సూట్‌కేసుల్లో మన ఊళ్లకు చేరుతుంటాయి. ప్రేమతో ఇచ్చినా వద్దనండి.

మంచం పక్క క్రిబ్ అయితే బెల్టులు, కొక్కేలు, అసలు పరుపు, మాన్యువల్ నాలుగూ ఉంటేనే తీసుకోండి. గోడల వలలో వేలు దూరేంత చిరుగు, వదులైన కుట్టు, పని చేయని జిప్, కంపెనీది కాకుండా బయటి నుంచి తెచ్చి బిగించిన స్క్రూ, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వదిలేయండి.

పరుపు చాలా పలచగా, గట్టిగా ఉంది. బిడ్డకు వెన్ను నొప్పి పుట్టదా?

పుట్టదు. అది గట్టిగా ఉండటమే సరైనది. అరచేత్తో గట్టిగా నొక్కి తీస్తే వెంటనే మునుపటిలా సమం కావాలి, చేతి గుర్తు గుంటగా మిగలకూడదు. చాలా ఇళ్లలో అమ్మమ్మలు పాత చీరలతో కుట్టిన బొంతను మడిచి అడుగున వేస్తారు. మెత్తదనం ఒక సమస్య అయితే, పరుపు ఎత్తు పెరిగి పొట్టి గోడ ఇంకా పొట్టిదవడం రెండో సమస్య. కొత్త పరుపు విడిగా కొని వేసినా ఇదే జరుగుతుంది, పైగా కొలత సరిపోక అంచున సందు వస్తుంది. కంపెనీ పరుపు పాడైతే ఆ మోడల్‌కు ఆ కంపెనీదే తెప్పించండి.

తడి పట్టే రబ్బరు షీటు, క్విక్ డ్రై షీటు వదులుగా పరిస్తే ముడతలు పడి ముఖం కిందికి వస్తాయి. నాలుగు మూలలా ఎలాస్టిక్ ఉన్న వాటర్‌ప్రూఫ్ కవరు, దాని మీద బిగుతైన నూలు కవరు చాలు. చంటిబిడ్డ కదా, మూడు జతలైనా ఉంచుకోండి.

దిండు లేకపోతే తల చదునైపోతుందంటారు. ఆవాల దిండు పెట్టొచ్చా?

ఏ దిండూ వద్దు, ఆవాల దిండు కూడా. బిడ్డ తల దాని మీద ఒక పక్కకు జారితే మెడ వంగి ఊపిరి దారి నొక్కుకుంటుంది. కుట్టు ఊడితే గింజలు నోట్లోకి, ముక్కులోకి పోతాయి. పెద్దవాళ్లు తల గుండ్రంగా రావాలనే చెబుతారు, ఆ కోరిక తప్పు కాదు. దానికి వేరే మార్గం ఉంది.

మంచం పక్క క్రిబ్‌లో బిడ్డ ఎప్పుడూ తల్లి ఉన్న వైపే తల తిప్పి పడుకుంటుంది. అందుకే ఒక వైపు చదునవుతుంది. ఒక రోజు తల తూర్పు చివర పెడితే మర్నాడు పడమర చివర పెట్టండి. క్రిబ్ బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి ఎటు పెట్టినా ఒకటే. మెలకువగా ఉన్నప్పుడు, మీరు ఎదురుగా ఉండి చూస్తూ, రోజుకు 2, 3 సార్లు 3 నుంచి 5 నిమిషాలు బోర్లా వేయండి. మెడ బలపడుతుంది, తల వెనక ఒత్తిడీ తగ్గుతుంది. ఇంకా చదును ఎక్కువైతే, లేదా బిడ్డ ఒకవైపే మెడ తిప్పుతుంటే పిల్లల డాక్టరుకు చూపించండి.

పాలు కక్కుతుంది. తల వైపు ఎత్తు పెట్టే క్రిబ్ మంచిదా?

కాదు. కొన్ని క్రిబ్‌లలో ఒక వైపు కాళ్లు పెంచి వాలుగా చేసే ఏర్పాటు ఉంటుంది, దాన్ని వాడొద్దు. వాలులో బిడ్డ కిందికి జారి, గడ్డం ఛాతీకి ఆని, ఊపిరి దారి మూసుకుంటుంది. అమెరికాలో శిశువుల నిద్రకు అమ్మే ఏ వస్తువూ 10 డిగ్రీల కంటే ఎక్కువ వాలు ఉండకూడదన్న నియమం 2022 నుంచి అమల్లో ఉంది. మీ ఇంట్లో మాత్రం సున్నానే లక్ష్యంగా పెట్టుకోండి.

వెల్లకిలా పడుకుంటే కక్కిన పాలు గొంతుకు అడ్డుపడతాయని చాలామంది భయపడతారు. నిజానికి వెల్లకిలా ఉన్నప్పుడు శ్వాసనాళం పైన, ఆహారనాళం కింద ఉంటాయి, కాబట్టి కక్కిన పాలు ఊపిరితిత్తుల్లోకి పోవడం కష్టం. బోర్లా పడుకున్నప్పుడు ఈ అమరిక తలకిందులవుతుంది. పాలు పట్టాక కాసేపు భుజాన వేసుకుని తేన్పు వచ్చాక పడుకోబెట్టండి. బరువు పెరగకపోయినా, కక్కు పసుపుగానో ఆకుపచ్చగానో ఉన్నా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

బిగించేటప్పుడు ఎక్కడ తప్పు జరుగుతుంది?

ఎక్కువగా క్రిబ్ చట్రం గొట్టాలు ఒకదానిలో ఒకటి దూరే చోట. ప్రతి అతుకూ ‘టక్’మని చప్పుడు చేసి, గుండీ రంధ్రంలోంచి పూర్తిగా బయటికి రావాలి. ఒక్కటి సగంలో ఆగినా పక్క ఒక మూలకు వాలుతుంది. బిడ్డ ఆ మూలకు దొర్లి, ముఖం గోడ వలకు అదుముకుంటుంది. కంటికి తెలియనంత వాలు కూడా ఫోన్ పట్టేస్తుంది. మట్టం చూపే యాప్ తెరిచి, ఫోన్‌ను పరుపు మీద మొదట పొడవుగా, తర్వాత అడ్డంగా పెట్టండి. తర్వాత 5 కిలోల బియ్యం సంచిని మధ్యలో పెట్టి, దాని పక్కన మళ్లీ చూడండి. అంకె మారితే ఏదో అతుకు పడలేదని అర్థం. నాలుగు కాళ్లూ ఒకే ఎత్తు అంకె మీద ఉన్నాయా? తొందరలో ముందు కాళ్లు 4 మీద, వెనక కాళ్లు 3 మీద పెట్టేయడం తరచూ జరుగుతుంది.

దోమల సంగతేమిటి?

దోమతెర తప్పదు. అన్నిటికంటే మంచి పద్ధతి, క్రిబ్ కూడా లోపలికి వచ్చేలా మంచం మొత్తానికి పెద్ద తెర కట్టి, అంచులు మీ పరుపు కిందికి దోపడం. తెర బిడ్డకు అందేంత దగ్గరగా వేలాడకూడదు. క్రిబ్‌కు కంపెనీ ఇచ్చిన తెర ఉంటే అదే వాడండి, గోడలకు బిగుతుగా ఉండాలి. జానెడు పొడవున్న తాడు ఏదీ బిడ్డకు అందే చోట ఉండకూడదు, మెడకు చుట్టుకుంటుంది.

గొడుగులా మడిచే దోమతెర పరుపులు ప్రతి బజారులోనూ ఉంటాయి, కానుకగానూ వస్తాయి. పగలు చాప మీద, మీ కళ్లెదుట సరే. రాత్రి నిద్రకు ఆ దూది పరుపు మరీ మెత్తన. దాన్ని ఎత్తి క్రిబ్‌లోనో పెద్ద మంచం మీదో పెట్టడం ఇంకా తప్పు. గదిలో దోమల బత్తి, సాంబ్రాణి పొగ వేసి తలుపులు మూయొద్దు.

వేసవిలో, చలికాలంలో ఏం కప్పాలి?

ఏమీ కప్పకుండా, ఒంటి మీది బట్టలతోనే సర్దండి. మే నెల వెట్టలో పలచటి నూలు చొక్కా చాలు. ఏసీ ఉంటే 25, 26 డిగ్రీల దగ్గర పెట్టి, గాలి నేరుగా క్రిబ్ మీద పడకుండా చూడండి. చలికాలంలో మీరు వేసుకున్నదానికంటే ఒక పొర ఎక్కువ వేసి, అవసరమైతే చేతుల దగ్గర బిగుతుగా ఉండే స్లీపింగ్ బ్యాగ్ తొడగండి. చేతులు, కాళ్లు చల్లగా ఉండటం మామూలే. వెచ్చదనం తెలియాలంటే మెడ వెనక ముట్టుకుని చూడండి. చెమటగా ఉంటే ఒక పొర తీసేయాలి. ఇంట్లో నిద్రపోయేటప్పుడు టోపీ వద్దు, బిడ్డ ఒంటి వేడి తల నుంచే ఎక్కువగా పోవాలి. గుడ్డలో చుట్టే అలవాటుంటే, దొర్లే ప్రయత్నం కనిపించిన రోజే మానేయండి, చాలామందికి అది 3, 4 నెలలకే మొదలవుతుంది.

చీర ఉయ్యాలలో హాయిగా నిద్రపోతుంది. అది వద్దా?

చీర ఉయ్యాలలో బిడ్డ ఒళ్లు విల్లులా వంగుతుంది, గడ్డం ఛాతీకి ఆనుతుంది, రెండు వైపులా గుడ్డ ముఖం మీదికి వస్తుంది. జోకొట్టడానికి, మీరు పక్కనే కూర్చుని ఉన్నంతసేపు ఊపండి. నిద్ర పట్టగానే క్రిబ్‌లోకి మార్చండి. స్ప్రింగ్ ఉయ్యాలకూ ఇదే మాట, పైగా దాని కొక్కెం, స్ప్రింగ్ పట్టు రోజూ చూసుకోవాలి. బారసాల నాడు ఉయ్యాలలో వేసే ముచ్చటకు ఏ అడ్డూ లేదు, అందరూ చుట్టూ ఉంటారు కదా.

మెడలో దిష్టి తాడు, పూసల గొలుసు నిద్రకు ముందు తీసేయండి. దిండు కింద పెట్టే ఇనుప ముక్క, వేపాకు వంటివి క్రిబ్ లోపల కాకుండా గదిలో ఎక్కడైనా ఎత్తున పెడితే పెద్దల మాటా నిలుస్తుంది.

వడ్రంగితో చెక్క క్రిబ్ చేయించుకోవచ్చా?

చేయించవచ్చు, కానీ మంచానికి ఆనించేది కాకుండా నాలుగు వైపులా గోడలున్నది చేయించండి. బెల్టు, కొక్కెం లెక్కలు ఇంట్లో కుదరవు. కమ్మీల మధ్య దూరం 6 సెం.మీ. దాటకూడదు. కూల్‌డ్రింక్ డబ్బా వాటి మధ్య దూరకూడదు, అదే తేలికైన పరీక్ష. పరుపు నాలుగు అంచులా గోడలకు బిగుతుగా ఆనాలి, రెండు వేళ్లు పట్టేంత జాగా ఉంటే పరుపు చిన్నదని లెక్క. మూలల్లో బొంగరాలు, గుండు తలలు చెక్కించొద్దు, చొక్కా వాటికి తగులుకుంటుంది. పరుపు వేశాక గోడ ఎత్తు కనీసం 60 సెం.మీ. ఉంటే బిడ్డ నిలబడే రోజుల వరకు పనికొస్తుంది. రంగు వేయిస్తే డబ్బా మీద సీసం పరిమితి చదవండి. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నియమం 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. అటక మీది పాత డబ్బా వాడొద్దు.

పుట్టింటి నుంచి అత్తారింటికి వెళ్లేటప్పుడు?

మడిచి సంచిలో పెట్టుకునే రకమైతే తీసుకెళ్లొచ్చు, కానీ అక్కడి మంచం వేరు. ఎత్తు, సందు, బెల్టు, మట్టం పరీక్షలన్నీ మళ్లీ మొదటి నుంచి చేయాలి. వెళ్లేలోపే అక్కడున్నవాళ్లకు ఫోన్ చేసి మంచం ఎత్తు, కింది ఖాళీ కొలిపించండి. కుదరదని తేలితే గోడలన్నీ లేపి విడిగా వాడేలా ముందే అనుకోండి.

మేము చాప వేసుకుని నేల మీద పడుకుంటాం. మాకు క్రిబ్ అక్కర్లేదా?

అక్కర్లేదు. బిడ్డకు వేరే చాప మీద గట్టిగా ఉండే పలచటి పరుపు వేసి, గోడకు, సామానుకు దూరంగా, మీ చెయ్యి అందేంత దగ్గరలో వెల్లకిలా పడుకోబెట్టండి. మీ దుప్పటి అటు రాకూడదు. పైన విడిగా తెర కట్టి అంచులు బిగించండి, చీమలు, పురుగులు కూడా రాకుండా ఉంటాయి. అన్నలు, అక్కలు బిడ్డ పక్కన పడుకోకుండా మీరు మధ్యలో ఉండండి.

ఎన్ని నెలల వరకు వాడొచ్చు?

నెలలు కాదు, బిడ్డ చేసే పనులు చూడండి. చేతులు, మోకాళ్ల మీద ఒళ్లు లేపినా, ఆసరా లేకుండా కూర్చున్నా, అంచు పట్టుకుని లేవబోయినా ఆ రోజుతో ఆపేయాలి. కొందరు బిడ్డలు 5 నెలలకే ఇవి చేస్తారు. చాలా మోడళ్లకు బరువు హద్దు 9 కిలోలు, మీ దాని మీద ఏం రాసి ఉందో అదే లెక్క. రెండింటిలో ఏది ముందొస్తే అప్పుడు లోతైన పెద్ద క్రిబ్‌కు మార్చండి. ఆ క్రిబ్‌ను 4వ నెలలోనే సిద్ధం చేసి పెట్టుకుంటే ఒక్క రాత్రి కూడా సర్దుకోవాల్సిన పని ఉండదు.